చివరి పేరా

జూన్ 3, మంగళవారం

కరెంటు స్తంభానికి నోటీసు అంటించి వెళ్లారు. కాలనీ చివర ఖాళీగా పడి ఉన్న పాత గోడౌన్ల స్థలంలో మిక్స్‌డ్ యూజ్ కాంప్లెక్స్ వస్తుందట. కింద షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన ఫ్లాట్లు. మొత్తం పద్నాలుగు అంతస్తులు. కాలనీవాసులు తమ అభిప్రాయాలు పదహారో తేదీలోగా రాసి ఇవ్వాలి.

ఈ కాలనీని అభిప్రాయం అడగడమంటే కోతికి కొబ్బరి చిప్ప ఇచ్చినట్టే. పార్కులో బెంచీలకు ఏ రంగు వేయాలని అడిగితే రెండేళ్లు కొట్టుకున్నారు. ఆ బెంచీలు ఇప్పటికీ తుప్పు రంగులోనే ఉన్నాయి.

సాయంత్రానికే ఇద్దరు నా జిరాక్స్ షాపుకొచ్చి లెటర్ టైప్ చేసి పెట్టమన్నారు. ఒకరికి కాంప్లెక్స్ వద్దు. ఒకరికి రేపే కావాలి.

జూన్ 5, గురువారం, మధ్యాహ్నం 3

తల ప్రాణం తోకకొచ్చింది.

పొద్దున రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు పదకొండు పాయింట్లతో వచ్చారు. నీళ్లు చాలవు, పార్కింగ్ చాలదు, ఎండ రాదు, గాలి రాదు. పదకొండోది, పై అంతస్తుల వాళ్లకు తన బాత్రూమ్ కిటికీ కనిపిస్తుంది. ఆ కిటికీలోంచి చూడాలన్న సరదా ఎవరికి ఉంటుందో నాకు తెలియదు. అలాగే టైప్ చేశాను.

ఆయన మెట్లు దిగుతుండగానే పళ్ల డాక్టర్ గారు ఎక్కారు. కాంప్లెక్స్ వస్తే జనం వస్తారు, జనం వస్తే పళ్లు వస్తాయి. ఆయన బాధ ఆయనది. హెడ్మాస్టర్ ఏం రాయించారని అడిగారు. చెప్పడం బాగుండదన్నాను. ముఖం మాడ్చుకున్నారు. గంట తర్వాత హెడ్మాస్టర్ వచ్చి డాక్టర్ ఏం రాయించాడని అడిగారు. ఆయనకూ అదే చెప్పాను. ఆయనా ముఖం మాడ్చుకున్నారు. కాలనీలో ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నది నా మీద కోపం విషయంలోనే.

నా పద్ధతి తేల్చుకున్నాను. అందరికీ మొదటి పేరా ఒకటే, నోటీసు నంబరుతో. చివరి పేరా ఒకటే, దయచేసి పరిశీలించగలరని. మధ్యలో ఎవరి గోల వారిది. సేవ్ యాజ్, ప్రింట్, సంతకం, తర్వాతివాళ్లు.

జూన్ 6, శుక్రవారం

వద్దు, పదిహేడు. కావాలి, పద్నాలుగు. లిఫ్ట్ ఒక్కటి కట్టి మిగతాది మానేయండి, ఒకటి.

జూన్ 9, సోమవారం

పక్క గదిలో బట్టలు కుట్టే ఆవిడ ప్లాన్ కాగితం పట్టుకొచ్చింది, పెద్దది చేసి ఇవ్వమని. అక్షరాలు కనపడటం లేదట. రెండింతలు చేశాను. కనపడ్డాయి.

కాంప్లెక్స్‌కి నలభై అడుగుల రోడ్డు కావాలి. అది మా కాలనీ మొదట్లోంచి పోతుంది. అక్కడ ఒక ఎర్ర గీతల డబ్బా, దాని పక్కన ‘తొలగించబడును’ అని చిన్న అక్షరాలు. ఆ డబ్బా మేమే. ఆరు గదుల వరస. టైలరు, నేను, చెప్పులు కుట్టే ఆయన, మందుల షాపు, సైకిల్ రిపేరు, మంగలి. వారం నుంచి ఈ కాంప్లెక్స్ గురించి ముప్పై రెండు ఉత్తరాలు టైప్ చేశాను. ప్లాన్ మాత్రం ఒక్కసారీ చూడలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గదుల ఓనరుకు ఫోన్ చేశాను. ఆయన సంతోషంగా ఉన్నాడు. ప్లానింగ్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇంటి యజమానుల అభిప్రాయాలే తీసుకుంటారట, అద్దెకున్నవాళ్లవి తీసుకోరట. గది ఓనరు పేరు మీద ఉంది. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. పద్నాలుగేళ్లుగా కాలనీలో పుట్టినవాళ్లవీ పోయినవాళ్లవీ సర్టిఫికెట్లు నా మెషిన్ మీదే కాపీ అయ్యాయి. నా పేరు మాత్రం ఎక్కడా లేదు.

సిగ్గు విడిచి హెడ్మాస్టర్ గారిని అడిగాను, మీ ఉత్తరంలో మా గదుల గురించి ఒక వాక్యం చేరుద్దామా అని. ప్రజా సమస్యలో సొంత విషయాలు కలపకూడదని చెప్పారు. మరి బాత్రూమ్ కిటికీ? అడగలేదు. పళ్ల డాక్టర్ గారైతే కొత్త కాంప్లెక్స్‌లోనే షాపు తీసుకోమని సలహా ఇచ్చారు. అక్కడ తీసుకోవడానికి నేనేమన్నా పళ్లు పీకుతున్నానా?

మా ఆయన స్కూలు బస్సు నడిపి ఇంటికొచ్చి అంతా విన్నారు. ఇద్దరూ చెప్పింది కరెక్టే అన్నారు. ఆయన చేతిలో స్టీరింగ్ ఎలా పెట్టారో ఆ స్కూలు వాళ్లు.

జూన్ 10, మంగళవారం, ఉదయం 7

చేసేశాను.

చివరి పేరాలో, దయచేసి పరిశీలించగలరు అన్నదానికి ముందు: “కాలనీ మొదట్లో ఉన్న ఆరు గదులు నివాసులకు నిత్యం అవసరమైనవి గనుక, వాటిని తొలగించకుండా రోడ్డు వేయవలసిందిగా మనవి.” వద్దు అనే ఉత్తరాల్లోనూ, కావాలి అనే ఉత్తరాల్లోనూ. ఇప్పటికే ఉత్తరం పట్టుకెళ్లినవాళ్లకు నోటీసు నంబరు తప్పు పడిందని చెప్పి మళ్లీ సంతకం పెట్టించుకుంటాను. అబద్ధమే. రాసుకుంటున్నాను కదా, ఇక్కడ కూడా అబద్ధం ఎందుకు?

జూన్ 12, గురువారం

ఒక్కరంటే ఒక్కరు చదవడం లేదు.

తమ పేరు, ఇంటి నంబరు చూసుకుంటారు. తాము చెప్పింది పడిందా అని మధ్యలో ఒకసారి వేలు పెడతారు. ఇంక సంతకం. హెడ్మాస్టర్ గారు ఏడో పాయింట్‌లో ‘తీవ్ర’ తీసి ‘అతి తీవ్ర’ పెట్టించారు, మూడుసార్లు ప్రింట్ తీయించారు, చివరి పేరాకి సరిగ్గా కింద గీత కొట్టినట్టు సంతకం చేశారు. ఆయన పెన్ను మూత పెట్టుకుని, ఈ కాలనీలో చదువుకున్నవాళ్లు తక్కువని నిట్టూర్చి వెళ్లారు.

జూన్ 14, శనివారం

అత్తగారి సంతకం కూడా కావాలి. ఇల్లు ఆవిడదే. కాంప్లెక్స్ కావాలా వద్దా అని అడిగితే, వరండాలోంచి తనకు కాలనీ అంతా కనిపిస్తోందని, ఇంక కొత్తగా ఏం కావాలని అన్నారు. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి ఆవిడ ప్రపంచమంతా ఆ వరండాలోనే. మామగారు కట్టించింది. ఎవరు ఎవరింటికి వెళ్లారో, ఎంతసేపు ఉన్నారో, ఏం పట్టుకుని బయటకొచ్చారో అన్నీ ఆవిడకు లెక్కే. ‘వద్దు’ ఉత్తరం ప్రింట్ తీసి ఇచ్చాను.

కళ్లజోడు కోసం అరగంట. ఆ తర్వాత కాగితం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. రోడ్డు ఎన్ని అడుగులని అడిగారు. నలభై అన్నాను. మన గేటుకూ ఎదురు గదులకూ మధ్య ఎంత ఉంటుందని అడిగారు. షాపులో నలుగురు నిలబడి ఉన్నారు, ఈవిడ కొలతలు అడుగుతున్నారు. ముప్పై ఉంటుందేమో, త్వరగా పెట్టండి అని విసుక్కున్నాను. పెట్టారు.

జూన్ 16, సోమవారం

అన్నీ ఇచ్చేశారు. టోనర్ అయిపోయింది. నేనూ అయిపోయాను.

జూలై 2, బుధవారం, సాయంత్రం 6

కాంప్లెక్స్ మీద విచారణ స్కూలు హాల్లో జరిగింది. వెనక వరసలో కూర్చున్నాను.

ముందు గంటసేపు రెండు పక్షాలూ అరుచుకున్నాయి. పళ్ల డాక్టర్ గారు హెడ్మాస్టర్ గారిని అభివృద్ధి నిరోధకుడన్నారు. హెడ్మాస్టర్ గారు ఆయన్ని రియల్ ఎస్టేట్ ఏజెంటన్నారు. లిఫ్ట్ పెద్దాయన లిఫ్ట్ గురించి ఎవరూ మాట్లాడటం లేదని లేచి వెళ్లిపోయారు.

అప్పుడు ప్లానింగ్ ఆఫీసరు ఫైలు తెరిచారు. నెమ్మదస్తుడు. ఉత్తరాలన్నీ తాను స్వయంగా చదివానన్నారు. వచ్చినవి నూట ఎనభై ఆరు. ఏ రెండు ఇళ్లకూ పొంతన లేదట. కానీ కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ నూట డెబ్బై ఒక్కమంది ఒక్క విషయంలో అక్షరం పొల్లుపోకుండా ఏకీభవించారట. ఆరు గదులు ఉండాలి. తన ఉద్యోగంలో ఇంత ఐకమత్యం ఎక్కడా చూడలేదట. ఈ వాక్యం ఎవరి ఆలోచన అని అడిగారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి నా కొంగు మీదికి పోయింది. హాల్లో అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అది తమది కాదని చెప్పాలంటే చదవకుండా సంతకం పెట్టామని చెప్పాలి. మింగలేరు, కక్కలేరు.

హెడ్మాస్టర్ గారు లేచారు. అది కాలనీ ఉమ్మడి అవగాహన అని, దానికి తాను మొదటి నుంచీ కృషి చేశానని చెప్పారు. వెంటనే డాక్టర్ గారు లేచి, మొదట ఆలోచించింది తమ పక్షమేనన్నారు. ఆ మీదట దాని గురించి కూడా పావుగంట కొట్టుకున్నారు. ఆఫీసరు రాసుకున్నారు.

జూలై 4, శుక్రవారం

హెడ్మాస్టర్ గారు షాపుకొచ్చి, నీ గది నేనే కాపాడానమ్మా అన్నారు. నమస్కారం పెట్టాను. ఏం చేయను?

జూలై 21, సోమవారం

కొత్త ప్లాన్ వచ్చింది. కాంప్లెక్స్ పద్నాలుగు నుంచి తొమ్మిది అంతస్తులకు దిగింది. రెండు పక్షాలూ గెలిచామంటున్నాయి. ఆరు గదులు ఉన్నాయి. ఎర్ర గీతలు పోయాయి.

పోలేదు. ఎదురు వైపుకు జరిగాయి. నలభై అడుగులు ఎక్కడినుంచో ఒకచోట నుంచి రావాలి కదా. వరసగా నాలుగిళ్ల ముందు భాగాలు. మొదటిది మాది. గేటు, గోడ, వరండా మొత్తం.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతిలో అత్తగారు పడ్డారు. అన్నం సయించలేదు. మా ఆయనకు చెప్పాను. ఈసారి ఆయన ఎవరిదీ కరెక్టని అనలేదు.

జూలై 22, మంగళవారం, ఉదయం 10

షాపు తెరవలేదు. వరండాలో అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ఎదురుగా కింద కూర్చుని అంతా చెప్పేశాను. చివరి పేరా, నోటీసు నంబరు అబద్ధం, అందరి సంతకాలు, ఆవిడ సంతకం. మిమ్మల్ని మోసం చేశాను అత్తయ్యా అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

“చదవకుండా సంతకం పెట్టడానికి నేనేమన్నా హెడ్మాస్టర్నా?”

ఆ రోజే చదివారట. అటు పోని రోడ్డు ఇటే రావాలి, దానికి ఇంజనీరు కావాలా అన్నారు. అందుకే కొలతలు అడిగారు. నేను విసుక్కున్నాను. మరి తెలిసి ఎందుకు పెట్టారని అడిగాను.

“వరండా పోతే నేను లోపల కూర్చుంటాను. ఆ గది పోతే నువ్వెక్కడ కూర్చుంటావే?”

ఏడ్చాను. దుప్పటి తడిపేస్తున్నావు, మళ్లీ ఎవరు ఉతుకుతారని కసిరారు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ కూరలో ఉప్పు గురించీ నా జడ గురించీ అన్న మాటలన్నీ ఎంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నానో! ఈ మనిషిని మాత్రం పైపైన చూసి సంతకం పెట్టేశాను. నాకూ హెడ్మాస్టర్ గారికీ తేడా ఏముంది?

నవంబరు 17, సోమవారం

వరండా కొట్టేశారు. ఆవిడ కుర్చీ షాపులోకి వచ్చింది. సరిగ్గా ప్రింటర్‌కి అడ్డం. ఎవరు ఏ కాగితం తెచ్చినా మొత్తం చదివితే తప్ప పెన్ను ఇవ్వడం లేదు. బయట క్యూ. వ్యాపారం ముంచేలా ఉన్నారు.

ఇవాళ హెడ్మాస్టర్ గారు నిలబడి చివరి పేరా దాకా చదివారు.