మీ బావ మాటలు

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్ ఎత్తడం లేదని కోపంగా ఉన్నావని తెలుసు. ఎత్తితే పక్కనుంచి మీ బావ మాటలు నీకు వినిపిస్తాయి. వినేముందు చదివితే మేలని ఈ ఉత్తరం.

మీ బావకి మెదడులో మాటలుండే చోట రక్తం ఆగిందట. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. మాట కూడా పడిపోలేదు, అదే చిక్కు. ధారగా మాట్లాడుతున్నారు. నిన్న పొద్దున కుర్చీలో కూర్చుని, "ఆ గుమిలి కాస్త తరిపించు, బొరికెలో సన్నం పడింది" అన్నారు, మంచినీళ్లు అడిగినంత మామూలుగా. నీళ్లిచ్చాను, కళ్లజోడిచ్చాను, కిటికీ తీశాను. ఏదీ కాదన్నారు. చివరికి నామీద జాలిపడి ఊరుకున్నారు. తను తప్పు మాట్లాడుతున్నట్టు ఆయనకి తెలియదని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో అందరికీ చెవుడొచ్చిందనుకుంటున్నారేమో.

పిల్లల కోసం తుమ్మే రైళ్లూ మీసాల చేపలూ రాసిన మనిషి కదా, జబ్బంటే ఎవరూ నమ్మడం లేదు. పుస్తకాలు అచ్చేసే ఆయన వచ్చి పడీ పడీ నవ్వి, "గురువుగారు మాంచి ఊపుమీదున్నారమ్మా" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు. చెబుదామని గుమ్మం దాకా వెళ్లి, నోరు రాక తిరిగొచ్చాను.

నా కళ్లజోళ్ల షాపు మూసే ఉంది. ఎవరి కంటికి ఏ అద్దం కావాలో చెప్పగలను గానీ, దీనికేం అమర్చాలో నాకు తెలియడం లేదు.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

ఉత్తరం చదివి కుంచె కింద పెట్టేశాను. ఇక్కడ బడిపిల్లల సైన్సు పుస్తకానికి మూత్రపిండాలు గీస్తున్నాను, ఎడమది సగంలోనే ఆగింది.

బావ పుస్తకాలన్నిటికీ బొమ్మలు వేసింది నేనే కదా. ఎక్కడా లేని మాట ఒకటి తెచ్చి నా ముందు పడేసి, "దీనికి ఎన్ని కాళ్లుంటాయో నువ్వే చెప్పాలి బావమరిదీ" అనేవాడు. చెవితో విని గీసేవాణ్ణి. ఎప్పుడూ తప్పలేదు. అందుకే నాకొకటి తోస్తోంది. గుమిలి అంటే ఏదో ఒక వస్తువే. పేర్లు మారిపోయాయి, అంతే. ఆయన ఏమంటే అది రాసి పంపు. నేను బొమ్మ వేస్తాను. చూపిస్తే ఇదీ అదీ అని బావే వేలు పెడతాడు. అలా ఒక్కో మాటా వెనక్కి లాగుదాం.

సెలవు అడిగాను. ఈ సైన్సు పుస్తకం అచ్చుకి వెళ్లేదాకా కదలడానికి లేదన్నారు. వేళకి తిను.

నీ తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

నువ్వడిగిన మాటలు విడి కాగితం మీద రాశాను. నీ ఆశ మీద నీళ్లు చల్లాలని కాదు గానీ, అవి నిలవడం లేదురా. మొన్న గుమిలి అంటే దిండు అనుకున్నాను. నిన్న నన్నే గుమిలీ అని పిలిచారు. ఇవాళ ఆ మాటే లేదు. నాకు అర్థమైనట్టు తలూపడం అలవాటైపోయింది. అలా ఊపినప్పుడల్లా ఆయన ముఖం వెలుగుతుంది. నాకేమో దొంగతనం చేసినట్టుంటుంది.

పుస్తకాలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాపం, ఆరోజు నవ్వినందుకు చెంపలేసుకున్నాడు. లేచేటప్పుడు మాత్రం, "ఈ మాటలన్నీ కలిపి ఒక పుస్తకం వేద్దామమ్మా, పిల్లలకి తేడా తెలియదు" అన్నాడు. మంచి మనిషే. అయినా ఒళ్లు మండింది.

నువ్వు చూశావుగా, మీసాల చేప కోసం ఆయన ఎంత గింజుకున్నారో. మీసం తీసి గడ్డం పెడితే ఏం పోయిందని నేనంటే, చేప చచ్చిపోతుందని రెండు పూటలు నాతో మాట్లాడలేదు. అది అర్థం లేని మాటే అయినా ఆయన ఏరుకున్న మాట. ఇవి ఆయన ఏరుకున్నవి కావు. నెత్తిన పడినవి.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

బొమ్మలు ఈ కవరులోనే ఉన్నాయి. గుమిలికి మూడు మోకాళ్లు పెట్టాను. బొరికె గొడుగులాంటి పక్షి, వానొస్తే ముడుచుకుంటుంది. ఊపిరి తీసుకోకుండా వేశాను. ఎన్నేళ్లయిందో చెయ్యి ఇలా పరిగెత్తి.

పుస్తకాలాయన నాకూ రాశాడు. నువ్వు తిట్టినా సరే, నాకు ఆ పుస్తకం వేస్తే బాగుండుననే ఉంది. బావ ఇక ఎప్పటికీ రాయలేకపోతే, మనకి మిగిలేవి ఇవే కదా. ఏదో ఒకటి చేస్తున్నట్టన్నా ఉంటుంది. చేతులు కట్టుకుని కూర్చోలేకపోతున్నానక్కా.

ముందు ఆయనకి చూపించు. ఆయన నవ్వితే వేద్దాం. లేదంటే చింపెయ్యి.

నీ తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

చూపించాను.

బల్ల మీద వరసగా పరిచి, కింద నువ్వు రాసిన పేర్లు పైకి చదివాను. మీ బావ నవ్వారు. మూడు మోకాళ్లు చూసి కడుపు పట్టుకుని నవ్వారు. తరవాత ఆ పేరు మీద వేలు పెట్టి, ఎవరు పెట్టారన్నట్టు నా వంక చూశారు. మీరే అని చూపించాను. తల అడ్డంగా ఊపారు. వేళాకోళం అనుకున్నట్టున్నారు. అప్పుడు ఆ పొద్దున ఆయన అన్న మాట ఒకటి, అదే గొంతుతో అని వినిపించాను. నా బుద్ధికి ఏమైందో. కాదని చెప్పబోయారు. "కొరిమె దులు" అని వచ్చింది. ఆ వచ్చింది తమ్ముడూ, ఆయన చెవిన పడింది. నాకు కనిపించింది ఆయన కళ్లలో. చెయ్యి పైకెత్తి నోరు మూసుకున్నారు.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "మంచి సూచనే, తన తప్పు తను వింటున్నారంటే మెదడు కోలుకుంటోందన్నమాట" అంది. సంతోషించమంది.

ఆనాటి నుంచి ఆయన నోరు విప్పలేదు. ఎవరన్నా వస్తే పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నారు. ఇన్నాళ్లూ పిచ్చిమాటలతో అన్నం తిన్న మనిషి, ఇప్పుడు వాటికి సిగ్గుపడుతున్నారు. బాగవ్వాలని మొక్కుకున్నది నేనే. ఈ నిశ్శబ్దం కంటే ఆ గుమిలే నయమనిపిస్తోంది, ఇంత పాపిష్టి మాట ఎవరితో అనను, నీతో తప్ప.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

ఆ పుస్తకం వద్దని పుస్తకాలాయనకి రాసేశాను.

నీకేం రాయాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. ధైర్యం చెబుదామంటే నా దగ్గరే లేదు. మూత్రపిండాలు అయిపోయాయి, ఊపిరితిత్తులు మొదలెట్టాను. గీస్తూ గీస్తూ ఆగిపోతున్నాను. బావని ఒక్కసారి చూడాలని ఉంది, చూసి ఏం చెయ్యగలనో మాత్రం తెలియదు.

నీ తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర జరిగింది రాస్తున్నాను. పెద్ద విశేషమేమీ కాదు.

ఆయన తల వంచుకుని తింటున్నారు. చెంచా చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ లేదు. భరించలేకపోయాను. ఆయన పుస్తకాలు ఒక్కటైనా పూర్తిగా చదవని దాన్ని, నాకేం తెలుసు. నోటికొచ్చింది అనేశాను.

"చెంచా ఎక్కిన కోతి ఒకటి, చలేసి కప్పుకుంది దుప్పటి."

మీ బావ తినడం ఆపి నావైపు చూశారు. ముఖం చిట్లించారు. వంటలో ఉప్పెక్కువైతే పెడతారే, ఆ ముఖం. అలిగారనుకుని నా ప్రాణం చచ్చిపోయింది. కానీ ఆయన వేలెత్తి పక్కగదిలో పడకమీది దుప్పటి చూపించి, కాదని తల అడ్డంగా ఊపారు.

"దుప్పటి వద్దా? చలేస్తే దుప్పటి కాక ఏం కప్పుకుంటుందండీ?" అన్నాను.

అదే తప్పన్నట్టు తల కొట్టుకున్నారు. గదంతా కలయజూసి గోడమీది గడియారం చూపించారు.

"గడియారం కప్పుకుందా? మరి ప్రాస కుదరదుగా."

అది నీ పని అన్నట్టు మళ్లీ చెంచా తీసుకున్నారు. నేను ఏదో అంటాను, ఆయన బల్ల మీద వేలితో కొట్టి, పాదం ఎక్కడ కుంటిందో అక్కడ ఆగుతారు. అన్నం చల్లారిపోయింది. ఎన్నిసార్లు తిప్పానో, చివరికి ఇలా తేలింది.

"చెంచా ఎక్కిన కోతుల బేరం, చలికై కప్పెను ఆ గడియారం."

కళ్లు మూసుకుని విన్నారు. విని, అరచెయ్యి అటూ ఇటూ ఆడించారు, పరవాలేదన్నట్టు.

అంతే. నవ్వలేదు, మాట్లాడలేదు. మాట తిరిగొస్తుందో రాదో చెప్పలేమని డాక్టరమ్మ ఇవాళ కూడా అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మాటలు పోయినా, ఏ మాట మంచి పిచ్చిదో, ఏది ఉత్త పిచ్చిదో ఆ మనిషికి ఇంకా తెలుసు.

ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని నాకోసం చూస్తున్నారు. వేళ్లు చూపించి ఇంకో రెండు పాదాలు కావాలంటున్నారు. పొద్దుటి నుంచి కుస్తీ పడుతున్నాను, ఒక్కటీ తోచడం లేదు. నీకేమన్నా తోస్తే వెంటనే రాయి.

నీ అక్క