పాల కాఫీ

బ్రూక్లిన్

తమ్ముడు హెర్షెల్‌కు,

నిన్న అమ్మను మన వీధిలో కొత్తగా తెరిచిన యూదుల హోటలుకు తీసుకెళ్లాను. పాస్ట్రమీ రాగానే వడ్డించే పిల్లతో, "ఏమ్మాయ్, ఈ మాంసంలోంచి అవతలి వీధి కనిపిస్తోంది. కాస్త మందంగా కొయ్యమను" అంది. నోరు ఎప్పటిలాగే ఉంది. ఫోన్లో నువ్వు వినేది అదే.

తినడం అవగానే పాలు పోసిన కాఫీ అడిగింది. మాంసం తిన్నాక ఆరు గంటల దాకా, మన మతాచారమంటూ, మనల్ని పాలు ముట్టనివ్వని మనిషి. నేను గుర్తు చెయ్యలేదు. కప్పు రాగానే లాక్కుని నేనే తాగేశాను.

"నాది తాగేశావేమే?"

"నీకు ఇంకోటి వస్తుందిలే అమ్మా."

పాలు లేకుండా తెప్పించాను. తేడా కనిపెట్టలేదు.

ఇక ఆమెను ఒంటరిగా ఉంచలేం. నా ఒక్కదాని వల్ల కావడం లేదు. ఈసారి ఫోను చెయ్యకు, రా.

అక్క