చెరకు మీద ఎగిరిన మందు పంపు

సూరత్, డిండోలి

అక్కకు,

తమ్ముడు శంకర్ దండాలు. నువ్వు, పిల్లలు క్షేమమేనా? బావకు ఆయాసం తగ్గిందా? నేను బాగున్నాను, నా గురించి బెంగపడకు. ఖటోదరాలో మగ్గాల పని ఎప్పటిలాగే నడుస్తోంది. వానలు తగ్గి ఉక్కపోస్తోంది. గదిలో వంట నా వంతు వచ్చిన రోజు అందరూ నీ పచ్చిపులుసే చేయమంటారు. నీ చేతి రుచి మాత్రం రాదు.

పత్తికి మందు కొడుతూ బావ పడిపోయినప్పటి నుంచి ఆ పంపు నువ్వే వీపున వేసుకుంటున్నావని పిల్లలు ఫోన్‌లో చెప్పారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన ఆదివారం, నాతో పనిచేసే మల్లేశం నన్ను అమ్రోలి అవతల ఒక చెరకు తోటకు తీసుకెళ్లాడు. అతని మేనకోడలు పద్మ అక్కడ డ్రోన్‌తో మందు కొడుతోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నులక మంచమంత యంత్రం మనిషెత్తును మించిన చెరకు మీద తిరుగుతూ సన్నటి తుంపర చల్లుతుంటే, తను దూరంగా గట్టు మీద నిలబడి రిమోట్‌తో నడిపింది. నేను ప్రశ్న మీద ప్రశ్న వేశాను. దానికి తోవ ఎలా తెలుసు?

"ముందుగాల చేను హద్దులు ఈ రిమోట్‌ల గీస్తం కాకా. గా గీత దాటదు."

అంతలో గాలి లేచింది. పద్మ డ్రోన్ దించేసింది. ఆపొద్దని తోట యజమాని గుజరాతీలో కేకలేశాడు.

"మందు పక్క కూరగాయల మీద పడ్తది. జబర్దస్తీ చేస్తే నేను పోత," అని మాతో అని, అదే ఆయనకూ గుజరాతీలో చెప్పింది. ఆయన గొణుక్కుంటూ ఊరుకున్నాడు.

గాలి తగ్గేదాకా అందరం గట్టు మీదే కూర్చున్నాం. అప్పుడు అడిగాను: "బిడ్డా, మా అక్క ఊర్ల పత్తికి పంపుతోని మందు కొడ్తది. గిది నేర్సుకోగల్గుతదా?"

"ఎంత సదివింది?"

"పది."

"నేనూ గంతే. ట్రైనింగ్‌ల రిమోట్ పట్టుడు నేర్పుతరు. గాలి ఎటు తిరుగుతదో మాత్రం మీ అక్కకే నాకన్నా మంచిగ ఎరుక."

అక్కా, మన మహిళా సంఘంలో అడుగు. కొన్నిచోట్ల సంఘాలకు డ్రోన్ ఇచ్చి నేర్పిస్తున్నారట. నువ్వు ట్రైనింగ్‌కు వెళ్తే ఆ రోజులు నేను సెలవు పెట్టి వచ్చి చేను చూసుకుంటాను, బావకు వండిపెడతాను. అందాకా పంపు ముట్టకు.

బావకు, అత్తమ్మకు దండాలు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవిస్తూ జవాబు రాయి. వెళ్తాననైనా రాయి, వెళ్లననైనా రాయి. చూద్దాంలే అని మాత్రం రాయకు.

నీ తమ్ముడు
శంకర్