పొట్టకు కుట్టిన చెయ్యి

అమ్మా, జోర్డాన్ ఆస్పత్రి నుంచి ఘాలిబ్ సలాం. ఎడమ చేత్తో రాసినందుకు తప్పు పట్టకు. నీళ్ల పంపు బెల్టు తోలు ఒలిచేసిన నా కుడిచేతికి, పొట్ట మీది చర్మాన్ని ఒకవైపు లేపి కుట్టారు. మూడు వారాలుగా చెయ్యి పొట్టకే అంటుకుని ఉంది. రేపు విడదీస్తారట.

నిన్న నర్సు చేతి మీద సూదితో గుచ్చితే నాకు పొట్ట మీద చురుక్కుమంది. "ఇది నా చెయ్యేనా?" అన్నాను. "నీదే అన్నా, ఆ తోలు ఇంకా పొట్ట మీదే ఉన్నాననుకుంటోంది" అని నవ్వింది. నాకు నమ్మకం కుదరలేదు. రేపు నిద్రపుచ్చే మత్తు ఇవ్వొద్దు, పొట్ట దగ్గర కోస్తారో మణికట్టు దగ్గర కోస్తారో కళ్లారా చూస్తానన్నాను.

తమ్ముడు పంపు అమ్మేశాడా? కాఫీ మొక్కలకు నీళ్లెవరు పెడుతున్నారు? నా కోసం దువా చేస్తూ ఉండు. నీ ఉత్తరంలో "అంతా బాగుంది" అని మూడుసార్లు రాయించావు. ఇక్కడ డాక్టరూ రోజూ అదే మాట అంటాడు.