మనం కలిగినోళ్లమైన వారం

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ వారం మనం కలిగినోళ్లమైపోయేం, నీకు చెప్పకపోతే ఎలా?

రైతులకీ కూలోళ్లకీ రాబడిలో తేడా ఎంతో లెక్కగట్టడానికి ఆలమూరు నుంచి సర్కారు మనిషొచ్చేడు. పన్నేస్తారేమోనని హడిలిపోయి, నీ కామందుగారు ముందురోజే రేడియో, ఫ్యాను, పడక్కుర్చీ మన పాకలో పెట్టించేరు. అడిగితే మావేనని చెప్పమన్నారు.

సర్కారు మనిషి అడిగితే, "ఆయ్, మావేనండీ," అంది అమ్మ.

"కరెంటు లేదు కదమ్మా, ఫ్యానెందుకు?"

"కరెంటొచ్చేకా కొంటే రేటు పెరిగిపోద్దండీ!"

ఆయన నవ్వకుండా రాసుకున్నాడు. అవతల కామందుగారు చిరుగుల చొక్కా తొడుక్కుని, గంజి తాగి బతుకుతున్నామన్నారట. చివరికి ఊరికంటే మన పేటే కలిగిందని తేలింది.

"అయితే కూలి పెంచక్కర్లేదన్నమాట," అంటూ కామందుగారు సామాను కోసం వచ్చేరు.

"అలాగేనండీ. మరి ఇవి మావేనని సర్కారే రాసుకుంది, ఎలా ఇస్తామండీ?" అంది అమ్మ.

సాయంత్రానికల్లా కూలి పెరిగింది. రేడియో, ఫ్యాను వెళ్లిపోయేయి. కుర్చీ మాత్రం అమ్మ ఇవ్వలేదు. బతికినన్నాళ్లూ ఆ కుర్చీ ముందు నువ్వు నిలబడే మాట్లాడేవు కదా. ఇప్పుడు నన్నూ కూర్చోనివ్వట్లేదు. బస్సులో సీటుకి వేసినట్టు, దాని మీద నీ తువ్వాలు వేసి ఉంచింది.