రొట్టె దరువు మీద అనురాధ పాట

సోమవారం, పొద్దున 6
నిర్ణయం! వచ్చే ఆదివారం మా పెళ్లిరోజు. చీర కొనను, కేకు కోయను. అనురాధకు పాట చేస్తాను. ఎలక్ట్రానిక్ పాట! మా ఇంటి చప్పుళ్లే దరువు, వాటి మీద నా మనసులో మాట. ఇబ్రహీంపట్నంలో ఇలాంటిది ఎవరూ చేయలేదు. ఎవరూ అడగలేదు కూడా, అది వేరే సంగతి.

సాయంత్రం 7
అనురాధ జొన్నరొట్టెలు తడుతోంది. టప్ టప్ టప్. ఏం దరువండీ! ఫోన్లో పట్టేశాను. మధ్యలో ఆమె కూనిరాగం ఒకటి అడ్డం. ఫర్వాలేదు, కంప్యూటర్లో తీసేస్తే పోతుంది.

మంగళవారం
తీసేశాను! ఫోన్లో జాగా లేదని అసలు రికార్డింగు చెరిపేశాను. శేరిగూడ కాలేజీ ల్యాబులో నాతో పనిచేసే బాలరాజ్ విన్నాడు. "మస్తుందన్నా. గని పాట ఏడుంది?"
వస్తుంది. తొందరేముంది?

బుధవారం
దొరికినవి: కుక్కర్ కూత, కూలర్ గురక, బిందె మీద గరిటె.
ఆగనిది: మా అమ్మ ఇంద్రమ్మ నోరు. "ఓరి పరమేశా, బిందెనెందుకు కొడ్తున్నవ్‌రా? సొట్ట వడ్తది!"

గురువారం
మళ్లీ రొట్టెల దగ్గర ఫోన్. రాగం మొదలుకాగానే "ఉష్! అనూ, జర సప్పుడు చేయకు" అన్నాను. ఆపేసింది. ఎంత శుభ్రమైన రికార్డింగో! కళాకారుడి ఇంట్లో క్రమశిక్షణ ఉండాలి మరి.

శుక్రవారం
పని సాగలేదు. కరెంటు పోయింది. పక్కింట్లో బోరు వేస్తున్నారు. మూడ్ కూడా లేదు.
పాట మాటలు "అనురాధా" దాకా వచ్చాయి.

శనివారం
దరువు మీద నా గొంతు కలిపి బాలరాజ్‌కు వినిపించాను.
"రొట్టె మంచిగుందన్నా" అన్నాడు.
ఇంటికొచ్చి అమ్మకు వినిపించాను. ఆమె పాట సంగతే ఎత్తలేదు. "కోడలు పొయ్యికాడ పాడుతలేదేందిరా? ఏమన్నవ్ దాన్ని?"
ఉష్ అన్నాను. అంతే అన్నాను.
పోనీ ఆ రాగం గుర్తు తెచ్చుకుందామంటే ఒక్క ముక్క రాదు! పెళ్లైనప్పటినుంచి రోజూ విన్నాను. నా ఫోన్లో ఉండింది, నా చేతులారా చెరిపాను.

ఆదివారం, పెళ్లిరోజు
పాట లేదు. ఉన్నమాట చెప్పేశాను. "నీ రాగం పాడు అనూ, నాకది కావాలె."
"ఏం రాగం? సప్పుడు చేయకన్నవ్, చేస్తలేను."
సాయంత్రం ఉత్త టప్ టప్. ఇక ఆగలేక నేనే ఏదో కూనిరాగం ఎత్తుకున్నాను. రెండు రొట్టెల దాకా ఓర్చుకుంది. మూడో రొట్టెకు "గట్ల కాదు!" అని కసురుకుని తనే అందుకుంది.
అదే రాగం! నా కళ్లు తడిశాయి. ఒక్క పరుగున లోపలికెళ్లి ఫోన్ తెచ్చాను.
చూసి టక్కున ఆపింది. "మల్ల షురూ జేసినవా?" అని నవ్వింది.

రాత్రి 8
నిర్ణయం! వచ్చే పెళ్లిరోజుకు పాట ఖాయం. రేపటినుంచే మొదలు. ఫోన్ పిండిడబ్బా వెనక దాచాలి.