ఫోటో కట్టిన దారం

అమీర్‌పేట,
ఆదివారం ఉదయం

రాఘవేందర్ గారికి నమస్కారం.

నా భార్య వసుమతి చివరిసారి మీ సంఘం పోటీలో పడవ మీంచి చేపలు పట్టడానికి వాడిన గాలం దారం ఒక మీటరు పంపమన్నారు. రెండు కిలోల బరువు లోపే అది తెగితే, అంత సన్నని దారంతో పట్టినట్టు రుజువై, ఆమె పట్టిన చేపను రికార్డుగా ఒప్పుకుంటామని రాశారు.

ఆలస్యానికి క్షమించండి. ఆమె దాన్ని చుట్టి కుట్టుడబ్బాలో పెట్టింది. నేను పూసలు గుచ్చే దారం అనుకుని, ఆమె పోయాక దానితోనే ఆమె ఫోటోను మేకుకు తగిలించాను. నిన్న ఫోన్‌లో మీరు ఇలా చెప్పాకే తెలిసింది:

"అయ్యో సార్, గదేం పూసల దారం కాదు! గా దారంతోనే మేడం ఏడు కిలోల చేపను పడవకాడికి తెచ్చింది. అది గుంజితే వదులుతుండె, అలిసిపోతే చుట్టుకుంటుండె. గంటసేపు! మస్తు ఓపిక సార్."

మాది శాకాహార ఇల్లు. ఆమె చేపను పట్టి వదిలేసేదని మాత్రం తెలుసు. ఎలా పడతావని, ఆమె పోటీలకు వెళ్లిన ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఆ గంటసేపూ ఆమె ఏమైనా మాట్లాడిందా?

ఒక విషయం దాచకూడదు. ఫోటోను వంటింటి కాటా మీద తూచాను. రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. నలభై రోజులైనా దారం తెగలేదు. అయితే మేకుకు అటొక పోగు, ఇటొక పోగు ఉన్నాయి కాబట్టి ఒక్కోదాని మీద సగం బరువే పడి ఉంటుంది. దయచేసి దీనివల్ల ఆమె రికార్డు కొట్టేయకండి.

దారం ఈ కవరులోనే ఉంది. పరీక్షలో తెగిన ముక్కలు పారేయకండి. వాటిని జారకుండా ఎలా ముడివేయాలో రాసి, తిరిగి పంపండి. ఫోటో ప్రస్తుతం గోడకు ఆనించి ఉంది.

ఇట్లు,
వసుమతి భర్త